డెవన్ తీరంలో నిర్దోషుల జాడ

అపరాధ పరిశోధక నవల చేతపట్టిన పాఠకుడు దోషి ఎవరన్న ప్రశ్న వెంటే పరుగెడతాడు. చివరి పుటల్లో ఆ పేరు తెలియగానే పుస్తకం మూసి పక్కన పెడతాడు. అయితే ఆ దోషి బయటపడేవరకు అదే కథలో మరో పదిమంది అనుమానపు నీడలో నిలబడి ఉంటారు. చేయని తప్పుకు సంజాయిషీ చెప్పుకుంటూ ఉంటారు. వారి చూపులో, మాటలో, నడకలో లోకం నేరాన్ని వెతుకుతూ ఉంటుంది. కథ ముగిశాక వీరిని తలచుకునేవారు అరుదు. ఆంగ్ల అపరాధ పరిశోధక నవలలకు రంగస్థలాలైన ఊళ్ళనూ ఇళ్ళనూ చూసేందుకు ఇంగ్లండు నైరుతి దిక్కున ఉన్న డెవన్ సీమలో మేము నాలుగు రోజులు పర్యటించాము. ఆ ప్రయాణం పొడుగునా మమ్మల్ని వెంటాడినది ఈ నిర్దోషుల గాథే.

తెలుగు ఇళ్ళకు ఈ సాహిత్యం కొత్తది కాదు. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్‌నూ, ఆయన సహాయకుడు రాజునూ ఎరుగని పాత తరం పాఠకులు తక్కువ. అద్దె పుస్తకాల దుకాణాల్లో ఆ నవలలు చేతులు మారి మారి అట్టలు ఊడిపోయేవి. మా ఇంట పెద్దలు యుగంధర్‌ను చదివారు. పిల్లలు షెర్లాక్ హోమ్స్‌ను, హెర్క్యూల్ పొయిరోను చదువుతున్నారు. అందువల్ల వేసవి సెలవుల్లో లండన్‌లోని బంధువుల ఇంటికి వెళ్ళినప్పుడు, ఈ నవలల నేలను చూడాలన్న కోరిక మాలో రెండు తరాలకూ కలిగింది. ఆంగ్ల సాహిత్యం బోధించి విశ్రాంతి పొందిన ఒక ఉపాధ్యాయురాలు మాకు మార్గదర్శిగా వచ్చారు. ఎక్కడా నవల ముగింపు చెప్పకూడదని ఆమె మొదటే ఒక నియమం పెట్టారు. ఈ వ్యాసంలో మేమూ ఆ నియమాన్నే పాటిస్తున్నాము.

లండన్ నుండి డెవన్‌కు రైలు పాడింగ్టన్ స్టేషన్‌లో ఎక్కాలి. ఈ పేరు వినగానే అగాథా క్రిస్టీ 1957లో ప్రచురించిన '4.50 ఫ్రమ్ పాడింగ్టన్' నవల గుర్తుకొస్తుంది. పక్కపక్కనే సాగుతున్న రెండు రైళ్ళలో ఒకదానిలో జరుగుతున్న హత్యను మరొక రైలులోని వృద్ధురాలు కిటికీలోంచి చూస్తుంది. అధికారులకు చెబుతుంది. వెతికితే శవం దొరకదు. ముసలామె కునుకు తీసి కలగన్నదని అందరూ తేలికగా కొట్టిపారేస్తారు. ఆమె మాటను నమ్మినది ఆమె స్నేహితురాలు, మరో వృద్ధురాలైన మిస్ మార్పుల్ మాత్రమే. చెప్పేవారి వయసునూ హోదానూ చూసి సాక్ష్యానికి విలువ కట్టే లోకరీతిని ఆ ఒక్క సన్నివేశం ఎండగడుతుంది.

ఎక్సెటర్ దాటాక రైలు సముద్రపు ఒడ్డునే సాగుతుంది. డాలిష్ అనే చిన్న పట్టణం వద్ద పట్టాలకూ కెరటాలకూ మధ్య అడ్డంగా ఉన్నది ఒక రాతి గోడ మాత్రమే. 2014 ఫిబ్రవరిలో వచ్చిన తుఫాను ఆ గోడను కోసివేయగా పట్టాలు గాలిలో వేలాడాయి. మళ్ళీ రైళ్ళు నడిచినది ఏప్రిల్‌లోనే. పిల్లలు కిటికీకి ముఖాలు ఆనించి, ఎర్ర ఇసుకరాతి కొండలను, అద్దం మీద పడే ఉప్పునీటి తుంపరను చూస్తూ కూర్చున్నారు. న్యూటన్ అబాట్ దాటి టార్కీలో దిగాము.

అగాథా క్రిస్టీ 1890 సెప్టెంబరు 15న జన్మించినది ఈ టార్కీలోనే. బార్టన్ రోడ్డులోని ఆష్‌ఫీల్డ్ అనే ఆమె పుట్టిల్లు ఇప్పుడు లేదు. 1960ల్లో దానిని కూల్చివేశారు. ఆ స్థలాన్ని గుర్తుచేసే నీలి ఫలకం మాత్రం ఉంది. పదకొండేళ్ళ వయసులో తండ్రిని పోగొట్టుకుని, చాలావరకు ఇంటివద్దే చదువుకున్న బాలిక ప్రపంచమంతా చదివే రచయిత్రి అయింది. రేవు దగ్గర 1990లో, శతజయంతి సందర్భంగా ప్రతిష్ఠించిన ఆమె కంచు విగ్రహం ఉంది.

మా మార్గదర్శి మమ్మల్ని అక్కడ ఎక్కువసేపు నిలపలేదు. నేరుగా పురమందిరానికి తీసుకువెళ్ళారు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఈ భవనం ఆసుపత్రిగా మారింది. యువతి అగాథా ఇక్కడ క్షతగాత్రులకు స్వచ్ఛందంగా సేవ చేసింది. తరువాత మందులు కలిపే విభాగంలో పనిచేసి, 1917లో ఔషధాల పరీక్షలో ఉత్తీర్ణురాలైంది. ఏ మందు ఎంత మోతాదు దాటితే విషమవుతుందో ఆమె నేర్చినది రోగుల ప్రాణం నిలిపే పనిలోనే. ఆ జ్ఞానమే తరువాత ఆమె నవలలకు ముడిసరుకయింది.

అదే కాలంలో జర్మనీ ఆక్రమణను తప్పించుకుని సుమారు 2,50,000 మంది బెల్జియన్లు బ్రిటన్‌లో ఆశ్రయం పొందారు. వారిలో కొందరు టార్కీకీ వచ్చారు. తన తొలి నవలకు పరిశోధకుడిని వెతుకుతున్న అగాథా దృష్టి వారి మీద పడింది. ఆ విధంగా హెర్క్యూల్ పొయిరో పుట్టాడు. అతడు సొంత దేశంలో పేరుపొందిన పోలీసు అధికారి. పరాయి దేశంలో కాలు కుంటుతూ నడిచే కాందిశీకుడు. అతని యాసకు, మీసాలకు, వేషానికి జనం నవ్వుకుంటారు. 'ది మిస్టీరియస్ ఎఫైర్ ఎట్ స్టైల్స్' అనే ఆ నవల 1920లో అమెరికాలోనూ, 1921లో బ్రిటన్‌లోనూ వెలువడింది. అందులో హత్యకు గురైన ఇల్లాలే అంతకుముందు అతనికీ, అతని తోటి శరణార్థులకూ తలదాచుకునే చోటు చూపిన దాత. ఆ ఆశ్రయపు ఋణాన్ని అతడు సత్యాన్ని వెలికితీసి తీర్చుకుంటాడు. పరాయివాడే ఆ ఇంటికి న్యాయం చేస్తాడు. కొత్తగా ఊరికొచ్చిన మనిషి మీదే లోకం తొలి అనుమానం వాలుతుంది. అటువంటి మనిషి చేతికే ఆమె సత్యశోధన బాధ్యతను అప్పగించింది. పురమందిరం మెట్ల మీద ఈ మాట విన్న తరువాత పొయిరో మీసాలు మాకు నవ్వు తెప్పించలేదు.

మధ్యాహ్నం టోర్ ఆబీకి వెళ్ళాము. 1196లో క్రైస్తవ సన్యాసుల మఠంగా స్థాపితమైన కట్టడమిది. ఇక్కడి తోటలో క్రిస్టీ కథల్లో కనిపించే విషపు మొక్కలకు ఒక ప్రత్యేక భాగం కేటాయించారు. మొక్కలు ఎంతో అందంగా ఉన్నాయి. ఆవరణలోనే పాతకాలపు ధాన్యపు కొట్టు ఒకటి ఉంది. 1588లో స్పెయిన్ నౌకాదళం ఓడినప్పుడు, పట్టుబడిన ఒక ఓడలోని 397 మందిని అందులో నిర్బంధించారు. నాటినుంచి దానికి స్పానిష్ కొట్టు అన్న పేరు నిలిచింది. విషపు తోట చూసి కేరింతలు కొట్టిన పిల్లలు ఆ కొట్టులోకి అడుగుపెట్టగానే మాట తగ్గించారు. అంత చోటులో అంతమంది ఎలా పడుకున్నారని మా చిన్నవాడు గోడ నుండి గోడకు అడుగులు లెక్కపెట్టసాగాడు.

రెండవ రోజు పేన్టన్ నుండి ఆవిరి రైలు ఎక్కాము. దారిలో చర్స్టన్ స్టేషన్ వస్తుంది. 1936 నాటి 'ది ఏ.బీ.సీ. మర్డర్స్' నవలలో ఒక హత్య ఈ ఊళ్ళోనే జరుగుతుంది. ఊరూరా తిరిగి మేజోళ్ళు అమ్ముకునే ఒక బెరుకు మనిషి చుట్టూ ఆధారాలన్నీ ఒకటొకటిగా పేరుకుంటాయి. అతడు తనను తానే అనుమానించుకునే స్థితికి చేరుకుంటాడు. పదిమంది ఒకే మాట అంటుంటే మనిషి తన మనస్సాక్షినే నమ్మలేని దశ వస్తుందని ఆ పాత్ర ద్వారా రచయిత్రి చూపింది.

గ్రీన్‌వే అనే చిన్న స్టేషన్‌లో దిగి అడవిదారిన నడిస్తే డార్ట్ నది ఒడ్డున, గుట్ట మీద తెల్లని భవనం కనిపిస్తుంది. 1938లో క్రిస్టీ తన రెండవ భర్త, పురావస్తు శాస్త్రవేత్త మాక్స్ మాలోవన్‌తో కలిసి దీనిని 6,000 పౌండ్లకు కొన్నది. వారిద్దరూ తొలిసారి కలుసుకున్నది 1930లో, ఇరాక్‌లోని ఊర్ త్రవ్వకాల దగ్గర. ఆ తరువాత ఇరాక్, సిరియా దేశాల్లో భర్త జరిపిన త్రవ్వకాల్లో ఆమె పాలుపంచుకుంది. మోసుల్ సమీపంలోని నిమ్రూద్‌లో దొరికిన పురాతన దంతపు శిల్పాల మట్టిని తన ముఖానికి రాసుకునే క్రీముతో తుడిచేది. మట్టిపొరలను ఒకటొకటిగా తొలగించి గతాన్ని బయటికి తీసే ఆ ఓపికకూ, ఆమె నవలల నిర్మాణానికీ చుట్టరికం ఉందని ఈ ఇంట్లో తిరుగుతుంటే తోచింది.

రెండవ ప్రపంచ యుద్ధంలో ఈ ఇంటిని ప్రభుత్వం స్వాధీనం చేసుకుంది. మొదట నగరాల నుండి తరలివచ్చిన పిల్లలు, తరువాత అమెరికా తీరరక్షక దళంవారు ఇక్కడ ఉన్నారు. ఆ దళానికి చెందిన మార్షల్ లీ అనే అధికారి గ్రంథాలయపు గోడ పైభాగంలో తమ యుద్ధయాత్రను వరుస చిత్రాలుగా వేశాడు. యుద్ధం ముగిశాక దానిపై రంగు వేయించి ఇస్తామంటే క్రిస్టీ వద్దన్నది. తన ఇంటి గోడమీద పరాయి సైనికుల జ్ఞాపకాన్ని అలాగే ఉండనిచ్చింది. 2000లో కుటుంబంవారు ఈ ఆస్తిని నేషనల్ ట్రస్ట్‌కు అప్పగించారు. 2009 నుండి ఇంటిలోపలికీ సందర్శకులను అనుమతిస్తున్నారు.

తోట దిగువన నదిని ఆనుకుని పడవల కొట్టం ఉంది. 1956 నాటి 'డెడ్ మాన్స్ ఫాలీ'లో హత్య జరిగేది ఇక్కడే. ఆ నవలలో ఇంటి పేరు మాత్రం మార్చింది. అక్కడినుండి రేవుకు వెళితే ఒక గంట వేలాడుతూ ఉంటుంది. దానిని మోగిస్తే అవతలి ఒడ్డున ఉన్న డిటిషమ్ గ్రామం నుండి పడవ వస్తుంది. మా ప్రయాణమంతటిలోనూ గుండెకు తగిలిన చోటు ఇదే. 1958లో వచ్చిన 'ఆర్డియల్ బై ఇన్నోసెన్స్' నవలకు ఇటువంటి రేవుదాటుతోనే ఆరంభం. ఒక వ్యక్తి సాయంకాలం పడవలో నది దాటి ఒక ఇంటికి వస్తాడు. ఆ ఇంటి యజమానురాలు రెండేళ్ళ క్రితం హత్యకు గురైంది. ఆమె పెంచిన కొడుకుల్లో ఒకడికి శిక్షపడింది. అతడు చెరసాలలోనే మరణించాడు. హత్య జరిగిన సమయంలో ఆ కుర్రవాడు తనతో ఉన్నాడనీ, ఈ సాక్ష్యం చెప్పేందుకు ఇన్నాళ్ళూ తాను దేశంలో లేననీ వచ్చినతడు చెబుతాడు.

మా చిన్నవాడు రేవు మెట్ల మీద కూర్చుని, "అయితే ఇంట్లోవాళ్ళు సంతోషించాలి కదా మేడమ్? వాళ్ళ అబ్బాయి ఏ తప్పూ చేయలేదని తెలిసింది కదా!" అని అడిగాడు.

మార్గదర్శి వెంటనే జవాబు చెప్పలేదు. "ఆ ఇంట్లో ఆరుగురు ఉన్నారనుకో. హత్య చేసినది అతడు కాకపోతే, మరి ఎవరు?" అని మాత్రం అడిగారు.

వాడు కొంతసేపు నీళ్ళవైపు చూశాడు. "ఆ రాత్రినుంచి ఒకరి చేతి అన్నం ఒకరు తినలేరు" అన్నాడు. ఆ మాటకు మేము నిశ్చేష్టులమయ్యాము. నవల మొత్తం ఆ ఒక్క వాక్యంలో ఉంది. తండ్రి కూతుళ్ళను, భార్య భర్తను, తోబుట్టువు తోబుట్టువును అనుమానంతో చూస్తారు. దోషి ఒక్కడే. శిక్ష మాత్రం ఇంటిల్లిపాదీ అనుభవిస్తారు. సత్యం తేలనంతకాలం కాలిపోయేది నిర్దోషులే. చనిపోయిన కుర్రవాడికి తిరిగి ఇవ్వగలిగినది ఏదీ లేదు. ఎప్పటినుంచో అల్లరివాడని పేరున్నందున నేరం అతడిదే అయి ఉంటుందని అందరూ తేలికపడ్డారు. ఆ తేలికపాటు ఎంత ఘోరమైనదో నవల చదివినవారికి అర్థమవుతుంది.

అనుమానపు తాకిడి రచయిత్రికి స్వానుభవమే. 1926 డిసెంబరులో, తల్లి మరణంతోనూ మొదటి భర్త ఎడబాటుతోనూ కుంగిపోయిన ఆమె పదకొండు రోజులపాటు కనిపించకుండా పోయింది. భర్తే చంపి ఉంటాడని కొందరన్నారు. ఉత్తర ఇంగ్లండులోని హారోగేట్ పట్టణంలో ఒక హోటల్లో ఆమె క్షేమంగా దొరికాక, పుస్తకాలు అమ్ముకునేందుకు ఆడిన నాటకమని మరికొందరన్నారు. పత్రికలు రెండు కథలనూ అమ్ముకున్నాయి. తన ఆత్మకథలో ఆ పదకొండు రోజుల గురించి ఆమె ఒక్క మాటా రాయలేదు.

మూడవ రోజు బర్గ్ ద్వీపం చూశాము. ఆటుసమయంలో ఇసుకమీద నడిచి వెళ్ళవచ్చు. పోటు వస్తే నీటిలో నడిచే ఎత్తయిన ట్రాక్టరు మీద వెళ్ళాలి. 1939 నాటి 'అండ్ దెన్ దేర్ వర్ నన్' నవలకూ, 1941 నాటి 'ఈవిల్ అండర్ ది సన్'కూ ఈ ద్వీపమే ప్రేరణ. మొదటి దానిలో పదిమందిని ఒక దీవికి రప్పించి, చట్టానికి చిక్కని పాత నేరాలను వారిమీద మోపి, ఎవరో తానే న్యాయాధిపతినై శిక్షిస్తానని బయలుదేరతాడు. న్యాయాన్ని ఒక్కడు సొంత చేతుల్లోకి తీసుకుంటే అది ఎంతటి క్రౌర్యంగా పరిణమిస్తుందో ఆ నవల చూపుతుంది. అయితే ఒక నిజం చెప్పకపోతే ఈ ప్రస్తావన అసంపూర్ణం. ఈ పుస్తకం బ్రిటన్‌లో తొలుత వెలువడినది నల్లజాతివారిని కించపరిచే పదం ఉన్న శీర్షికతో. అమెరికాలో 1940లోనే పేరు మార్చారు. బ్రిటన్‌లో మాత్రం 1980ల దాకా అదే కొనసాగింది. నిర్దోషుల బాధను అంత చక్కగా ఎరిగిన రచయిత్రికి కూడా తన కాలపు చీకటికోణాలు అంటుకునే ఉన్నాయి. ఆమె ఇతర నవలల్లోనూ యూదుల గురించి, విదేశీయుల గురించి చిన్నచూపు మాటలు తగులుతాయి. పిల్లలకు ఈ పుస్తకాలు ఇచ్చేటప్పుడు వాటిని దాచనవసరం లేదు. అక్కడ ఆగి, ఇది తప్పు అని కలిసి చెప్పుకుంటే చాలు.

చివరి రోజు సముద్రతీరం వదిలి డార్ట్‌మూర్ పీఠభూమికి ఎక్కాము. 954 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణంలో చెట్టూ చేమా పలుచగా ఉన్న నేల, మధ్యమధ్య నల్లరాతి గుట్టలు, స్వేచ్ఛగా మేసే పొట్టి గుర్రాలు. తల్లి సలహామీద 1916లో అగాథా తన తొలి నవల పూర్తిచేసేందుకు వచ్చి బసచేసినది ఇక్కడి హేటోర్ గుట్ట దగ్గరే. ఆమెకంటే పదిహేనేళ్ళు ముందు, 1901లో, ఆర్థర్ కోనన్ డాయిల్ తన మిత్రుడు ఫ్లెచర్ రాబిన్సన్‌తో ఈ పీఠభూమికి వచ్చాడు. వారు దిగిన ప్రిన్స్‌టౌన్ హోటల్ భవనంలో తరువాతి కాలంలో సందర్శకుల కేంద్రం నడిచింది. ఆ ప్రయాణంలో అల్లుకున్న కథే 'ది హౌండ్ ఆఫ్ ది బాస్కర్‌విల్స్'. నవలలోని ప్రాణాంతకమైన బురదనేలకు ఇక్కడి ఫాక్స్ టోర్ ఊబి మూలమని పలువురి అభిప్రాయం. ఆ కథలో అర్ధరాత్రి కొవ్వొత్తితో కిటికీ దగ్గర నిలబడే సేవకుడిని పాఠకుడు మొదటే నేరస్థుడిగా తీర్మానిస్తాడు. ఆ దీపం వెనుక ఉన్నది ఒక సోదరి ప్రేమ అని తరువాత తెలుస్తుంది.

ప్రిన్స్‌టౌన్‌లో పొగమంచు మధ్య నల్లరాతి చెరసాల గోడలు కనిపిస్తాయి. నెపోలియన్ యుద్ధాల్లో పట్టుబడిన ఫ్రెంచివారి కోసం 1809లో దీనిని తెరిచారు. తరువాత అమెరికన్లనూ ఉంచారు. యుద్ధం ముగిసి విడుదలకై ఎదురుచూస్తున్న అమెరికన్ ఖైదీలపై 1815 ఏప్రిల్ 6న కాపలాదారులు కాల్పులు జరపగా ఏడుగురు మరణించారు. ఊళ్ళోని చర్చిని నిర్మించినదీ ఆ యుద్ధఖైదీల చేతులే.

ఆ గోడలకు ఎదురుగా నిలబడి మార్గదర్శి మాకు నవలలో లేని ఒక నిజమైన కథ చెప్పారు. బొంబాయిలో పార్సీ కుటుంబాన పుట్టి, క్రైస్తవం స్వీకరించి, ఇంగ్లండులోని గ్రేట్ వైర్లీ గ్రామంలో మతాచార్యుడైన షాపూర్జీ ఎడాల్జీ కుమారుడు జార్జ్ న్యాయవాది. ఆ ప్రాంతంలో రాత్రివేళల్లో ఎవరో పశువులను, గుర్రాలను కోసివేయగా అనుమానం ఈ గోధుమరంగు కుటుంబం మీద పడింది. 1903లో జార్జ్‌కు ఏడేళ్ళ శిక్ష విధించారు. అతడు నిర్బంధంలో ఉండగానే మళ్ళీ అటువంటి దాడులు జరిగినా తీర్పు మారలేదు. మూడేళ్ళకు విడుదలైన అతడిని కలుసుకునేందుకు కోనన్ డాయిల్ ఒక హోటల్‌కు వెళ్ళాడు. జార్జ్ వార్తాపత్రికను కళ్ళకు ఆనించినంత దగ్గరగా పెట్టుకుని చదువుతున్నాడు. అంత చూపు తక్కువ మనిషి చీకటి రాత్రి పొలాలు దాటి ఆ పని ఎలా చేయగలడు? ఆ ఒక్క ప్రశ్నతో డాయిల్ 1907లో పత్రికల్లో పోరాటం సాగించాడు. అదే ఏడాది ప్రభుత్వం ఆ నేరం నుండి జార్జ్‌కు క్షమాపణ ప్రకటించింది. నష్టపరిహారం మాత్రం ఇవ్వలేదు. ఇంగ్లండులో క్రిమినల్ అప్పీళ్ళకు ప్రత్యేక న్యాయస్థానం ఏర్పడటానికి దోహదం చేసిన ఉదంతాల్లో ఇదొకటి. కల్పిత పరిశోధకుడి సృష్టికర్త నిజమైన నిర్దోషి పక్షాన నిలిచిన ఘట్టమిది. రంగు చూసిన ఊరు నేరాన్ని చూసింది. మనిషిని చూసిన రచయిత అతని కళ్ళను చూశాడు.

ఈ యాత్ర చేయదలచిన కుటుంబాలకు రెండు మాటలు. ఆవిరి రైళ్ళూ, గ్రీన్‌వే భవనమూ వేసవికాలంలో అనుకూలం. సొంత వాహనంలో వెళ్ళేవారు గ్రీన్‌వేలో నిలిపే చోటును ముందే నిర్ణయించుకోవాలి. బర్గ్ ద్వీపానికి బయలుదేరే ముందు ఆటుపోట్ల వేళలు చూసుకోవాలి. డార్ట్‌మూర్‌లో బాట వదలరాదు, పొగమంచు నిమిషాల్లో కమ్ముకుంటుంది. జూలైలో అక్కడ సూర్యాస్తమయం రాత్రి తొమ్మిది దాటాకే గనుక మగ్రిబ్ వేళను దృష్టిలో ఉంచుకుని పిల్లల భోజనమూ, నిద్రా అమర్చుకోవాలి. చేపల దుకాణాల్లో పిండిపూతలో మద్యం కలుపుతారేమో అడిగి తీసుకోవాలి.

అంత దూరం వెళ్ళలేనివారికీ ఈ యాత్ర అందుబాటులోనే ఉంది. ఇంట్లో ఒక పుస్తకం తెరిచి పిల్లలతో కలిసి చదవండి. సగం చదివాక ఆపి, ఎవరిని అనుమానిస్తున్నారో, ఎందుకో అడగండి. వారు చూపే కారణాల్లో ఎన్ని ఆధారాలో, ఎన్ని కేవలం ముఖమూ, యాసా, బీదరికమో విడదీయమనండి. ఊళ్ళో ఎవరిమీదైనా ఒక మాట వినబడినప్పుడు, చేతిలోని ఫోనుకు ఒక నింద చేరినప్పుడు, దానిని మరొకరికి పంపేముందు అదే ప్రశ్న వేసుకునే అలవాటు అక్కడే పడుతుంది.